చూసేవాళ్ళ కోసం కోత

“ఆ తెర మీద చూసే రెండు వందల మంది డాక్టర్లకు మంచి చూపు దయచేయుము ప్రభువా!”

డోర్కాసమ్మ అలా గొంతెత్తేసరికి సైలస్ కళ్ళు తెరిచాడు.

ఎదురుగా గోడకానుకుని కూర్చున్న అతని భార్య సుగుణమణి కూడా కళ్ళు తెరిచింది. నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఉన్న ఆ ఇంటి ముందు గదిలో చాపల మీద, మంచం మీద, చర్చి నుంచి తెచ్చిన ఇనుప కుర్చీల మీద కూర్చున్న సంఘం వాళ్ళంతా తలలు వంచుకునే ఉన్నారు. అందరికంటే గట్టిగా కళ్ళు మూసుకున్నవాడు వాళ్ళ కొడుకు డెన్నిస్.

డోర్కాసమ్మ సైలస్‌కు సొంత అక్క. ప్రార్థనలో పడిందంటే ఎదురుగా మనుషులున్న సంగతి ఆమెకు గుర్తుండదు.

“విమానంల దిగే ఆ పెద్ద డాక్టర్ చేతులను ఆశీర్వదించుము తండ్రీ. మా డెన్నిస్ పెట్టే కెమెరాకు ఏ ఆటంకమూ రానియ్యకుము. ఆపరేషన్ నడిమిట్ల కరెంటు పోకుండ కావలి ఉండుము. హోటల్‌ల కూసోని మా తమ్ముని గుండెకాయను, ఊపిరితిత్తులను చూసే ప్రతి ఒక్కరూ నీ మహిమను చూచునట్లు చేయుము. ఈ సంగతి మా తమ్మునికి ఇంక తెల్వదు ప్రభువా, తెలిసిన దినమున అతడు భయపడకుండునట్లు...”

“ఆమేన్” అన్నాడు సైలస్.

ఒకరు ప్రార్థిస్తుండగా మధ్యలో ఆమేన్ చెప్పడం మర్యాద కాదు. కానీ ఆమేన్ వినబడితే ఆమేన్ అనడం ఆ జనానికి చిన్నప్పటి అలవాటు. గదంతా ఒక్కసారిగా ఆమేన్ అంది. డోర్కాసమ్మ నోరు తెరుచుకునే ఉండిపోయింది. ఇంకా చాలా ప్రార్థన మిగిలిపోయిందామెకు.

ఈ కుటుంబాల్లో రహస్యాలు ఇలాగే బయటపడతాయి. ఎవరితోనూ అనొద్దు అంటూ ప్రార్థన అంశంగా చెప్పుకుంటారు. చెప్పిన అంశాన్ని పేరుపేరునా, వివరంగా, బిగ్గరగా దేవుడి ముందు పెట్టకపోతే విన్నవాళ్ళకు తృప్తి ఉండదు. పుట్టినప్పటి నుంచీ ఈ మేనత్త ప్రార్థనలు వింటూ పెరిగిన డెన్నిస్, తలలో మెదడున్నవాడైతే, ఆమె చెవిన ఈ మాట వేసేవాడు కాదు. వేశాడు. పైగా “మనసుల పెట్టుకొని చెయ్యత్తా” అని చెప్పి వేశాడు.

ప్రార్థన అయిపోయింది కాబట్టి ఇక తినడం మొదలైంది.

మింగలేని మనిషి ముందు కూర్చుని ఇంతమంది ఎలా నమలగలరో సుగుణమణికి ఎన్ని ప్రార్థన కూడికలైనా అర్థం కాలేదు. సైలస్‌కు అన్నవాహికలో క్యాన్సర్. మందుల కోర్సు అయిపోయింది, వచ్చే వారం ఆపరేషన్. అన్నం మానేసి చాలా కాలమైంది. ఇప్పుడు వడకట్టిన జావ కూడా చెంచాతో పోస్తే సగం వెనక్కి వస్తోంది. ఉమ్ము సైతం దిగదు. మూతున్న స్టీలు గ్లాసు ఒకటి ఎప్పుడూ చేతిలో ఉంటుంది. ఆయన అందులో ఉమ్మినప్పుడల్లా వచ్చినవాళ్ళు మర్యాదగా మొహాలు తిప్పుకుంటారు. తిప్పుకుని, అటువైపు ఉన్న సమోసాల పళ్ళెం అందుకుంటారు.

“ఛాతి కోసుడు లేదట, చిన్న చిన్న చిల్లులేనట. పొక్కులంత ఉంటయట” అంది డోర్కాసమ్మ, నోరు జారిన సంగతి సర్దుకోవాలన్నట్టు. “మా సైలసుకు నొప్పే తెల్వదంట.”

ఇంటి ఓనరు వామన్‌రావు కిరాయిదారు మీది గౌరవంతో ప్రతి కూడికకూ వస్తాడు. ప్రార్థనప్పుడు గుమ్మం దగ్గర నిలబడి, సమోసాలప్పుడు లోపలికి జరుగుతాడు. ఇప్పుడు చొక్కా పైకెత్తి తన వీపు మీద వేలితో గీత గీసి చూపించాడు.

“మా బామ్మర్దిని ఈడికెళ్ళి ఈడి దాంక కోసిన్రు. తెరిచిన్రు, చూసిన్రు, మొత్తం తీసేసిన్రు. చిల్లులల్లకెళ్ళి అంత గలీజు ఎట్లొస్తది సార్? తెరిస్తేనే గదా ఏమున్నదో ఎరుకైతది.”

“మీ బామ్మర్ది ఇప్పుడెట్లున్నడు?” అని ఎవరో అడిగారు.

వామన్‌రావు చొక్కా దించుకున్నాడు. “అది వేరే ముచ్చట. ఊపిరాడక పోయిండు పాపం. ఆపరేషన్ మాత్రం మంచిగ చేసిన్రు.”

గుమ్మం పక్కనున్న పెద్దావిడకు అసలు సందేహం వేరే ఉంది. “టీవీల సూపిస్తరా అమ్మా? ఏ చానెల్ల?”

సైలస్ గ్లాసు మూత తీసి ఉమ్మి, మళ్ళీ మూత పెట్టాడు. ఆవిడ మొహం తిప్పుకుంది.

*

అందరూ వెళ్ళాక తలుపు గడియ వేసింది కృపాజ్యోతి. సైలస్ కూతురు. గన్‌ఫౌండ్రీలో బ్యాంకు పని ముగించుకుని, ఖైరతాబాద్‌లో అత్తగారింటికి పోకుండా నేరుగా ఇక్కడికే వస్తోంది ఈ మధ్య.

“ఇప్పుడు చెప్పన్నా” అంది. “మొత్తం చెప్పు. దేవునికి తెలిసినంత మాకు గూడ చెప్పు.”

డెన్నిస్ మంచం చివర కూర్చున్నాడు. అతను ఆపరేషన్ థియేటర్లకు కెమెరాలు, తెరలు అమ్మే కంపెనీలో పనిచేస్తాడు. ఆఫీసు ఆబిడ్స్‌లో. ఊళ్ళో ఉన్న సర్జన్లందరి గుమ్మాల ముందూ టై కట్టుకుని గంటలు గంటలు నిలబడ్డవాడు.

“ఏమున్నది చెప్పనీకి? సోమయాజులు డాక్టర్ దవాఖానల వర్క్‌షాప్ ఉన్నది. బొంబాయి నుంచి పెద్ద సర్జన్ వస్తున్నడు. ఛాతి తెరవకుండ, చిల్లులు పెట్టి, కెమెరాతోని అన్నవాహిక తీసుడుల ఆయనను మించినోడు లేడు. మామూలుగ అయితే ఆయన అపాయింట్‌మెంట్ మనకు దొరుకుతదా? నేను అడిగితే డాడీ కేసు తీసుకున్నరు.”

“తీసుకొని?”

“తీసుకొని ఏంది? చేస్తడు.”

“చేసుకుంట హోటల్‌ల కూసున్న డాక్టర్లకు తెర మీద చూపిస్తడు. గది చెప్పవేంది?”

“అది చదువు కృపా! డాక్టర్లు నేర్చుకోవద్దా?”

“మన డాడీ మీదనా?”

“ఎవరో ఒకరి మీద నేర్చుకుంటరు గదా!”

ఆ మాట అన్నాక డెన్నిస్‌కే నోరు చేదయినట్టుంది. తండ్రి వైపు చూడలేదు.

సుగుణమణి పళ్ళేలు ఎత్తుతోంది. కుర్చీ కింద ఎవరో సగం కొరికిన సమోసా అదిమి పెట్టి పోయారు. ఉల్లిపాయ ముక్కలు చాపకు అంటుకున్నాయి. వాటిని గోటితో గీరుతుంటే ఆమెకు రోత పుట్టింది. సమోసా చూసి కాదు. తన కడుపున పుట్టినవాడు అలా మాట్లాడుతుంటే విని. కొడుకంటే తల్లికి ఇంత అసహ్యం వెయ్యొచ్చా అని ఆమెకే భయం వేసింది. అయినా అసహ్యం తగ్గలేదు.

“డాడీ” అన్నాడు డెన్నిస్, ఈసారి గొంతు తగ్గించి. “నువ్వు తెరిచిన ఛాతీని చూడలే. నేను చూసిన. పక్కటెముకల నడుమ ఇనుప చట్రం పెట్టి, పిడి తిప్పుకుంట ఎడం చేస్తరు. ఎముక విరిగిన సప్పుడొస్తది ఒక్కొక్కసారి. తర్వాత ఆ మనిషి దగ్గాల్నంటే ఏడుస్తడు. దగ్గకపోతే ఊపిరితిత్తులల్ల నిమ్ము చేరుతది. నీకు ముందే ఆయాసం. చిల్లులతోని చేస్తే ఆ నొప్పి ఉండదు. లేచి కూసుంటవ్, దగ్గుతవ్, నడుస్తవ్. శ్రీపతి సార్ గూడ గదే అన్నడా లేదా? అడుగు కృపను.”

శ్రీపతి ఆ మాట అన్నది నిజమే. ఛాతి తెరిచి చేసే పాత సర్జన్ ఆయన. సైలస్‌ను మొదట చూసిందీ, మందులు రాయించిందీ ఆయనే. దాపరికం తెలియని మనిషి.

“అన్నడు” అంది కృపాజ్యోతి. “డాడీ ఊపిరితిత్తులు అంత బాగలేవు, తెరిస్తే నిమోనియా భయం ఎక్కువనే అన్నడు. చిల్లుల ఆపరేషన్ తనకు రాదని గూడ అన్నడు. లోపల చేసే పని మాత్రం రెంటిల ఒకటేనంట. పాడైన గొట్టం తీసేసుడు, కడుపును గొట్టం లెక్క చేసి పైకి గుంజి మెడకాడ కుట్టుడు. ఇంకో మాట గూడ అన్నడు, అది నువ్వు మింగేస్తున్నవ్ అన్నా. మెడకాడ కుట్టిన అతుకు ఊడితే ఆ రోజే ఊడదంట. నాలుగైదు రోజులకు ఊడుతదంట. ‘తెరిచేది నేనే, పొద్దుమాపు వచ్చి చూసేది నేనే’ అన్నడు శ్రీపతి సార్. మీ బొంబాయాయన ఎన్ని రోజులుంటడు ఈడ?”

డెన్నిస్ మంచం పట్టె మీద గోటితో గీశాడు.

“ఎన్ని రోజులుంటడన్నా?”

“సాయంత్రం ఫ్లైటున్నది ఆయనకు.”

“ఆ రోజు సాయంత్రమేనా?”

“తర్వాత సోమయాజులు సార్ చూసుకుంటడు. ఐసీయూ ఉన్నది, స్టాఫ్ ఉన్నరు. నువ్వు ఊకె ఫికర్ చెయ్యకు.”

“అంటే కోసేటప్పుడు చూసేటందుకు రెండొందల మంది. అతుకు ఊడినప్పుడు చూసేటందుకు స్టాఫు. గంతేనా?”

“కృపా, నోరు మంచిగ పెట్టుకో!”

“నీ నోరు మంచిగ పెట్టుకున్నవ్‌లే! డాడీకి ఒక్క మాట చెప్పకుండ డాడీ పక్కటెముకలు హోటలోళ్ళకు ఇచ్చొచ్చినవ్. ఎందుకో చెప్పనా? నిన్ను గుమ్మం బయట నిలబెట్టే డాక్టర్లందరు ఆ రోజు హాల్ల కూసుంటరు. ఆ పేషెంటు ఎవరంటే మన డెన్నిస్ వాళ్ళ ఫాదర్ అని చెప్పుకుంటరు. నీకు షేక్‌హ్యాండ్ ఇస్తరు. గందుకు.”

డెన్నిస్ లేచి నిలబడ్డాడు. కోపంతో మొహం నల్లబడింది. అందులో కొంచెం నిజముందని ముగ్గురికీ తెలుసు. అది కొంచెమే అని కూడా తెలుసు. తండ్రి ఛాతీలో చట్రం తిరగడం ఊహించుకుని అతను ఒక రాత్రి బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చిన చప్పుడు సుగుణమణి చెవిన పడింది. ఇదే వచ్చిన చిక్కు. కొడుకు పూర్తిగా దుర్మార్గుడైతే చీదరించుకుని ఊరుకోవచ్చు. ప్రేమను, షేక్‌హ్యాండ్‌ను ఒకే జేబులో పెట్టుకు తిరిగేవాణ్ణి ఏం చేసుకోవాలి?

“కూసో డెన్నిస్” అన్నాడు సైలస్.

ఆయన గొంతు గరగరలాడుతోంది. ఒక్కో మాటకు ఒక్కోసారి ఉమ్ము మింగబోయి, మింగలేక గ్లాసు అందుకుంటున్నాడు.

“నేను ఇన్నేండ్లు స్కూల్ల బయాలజీ చెప్పిన. కప్పను మైనపు పళ్ళెంల ఎల్లెలుకల పండబెట్టి, నాలుగు కాళ్ళకు పిన్నులు కొట్టి, కోసి చూపిచ్చేటోన్ని. గుండె కొట్టుకుంటుంటే పోరగాళ్ళు చప్పట్లు కొడుతుండె. నాకు మస్తు గర్వం అనిపిస్తుండె. నా చేయి బాగుండె గద మరి.” ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. “కప్పను ఎవ్వడడుగుతడు? కాని నేను కప్పను కాదు డెన్నిస్. నన్ను అడగాలె.”

“అడుగుదమనే అనుకున్న డాడీ. నువ్వు భయపడ్తవని...”

“భయం ఎప్పుడో అయిపోయింది. ఉమ్మి మింగలేనోనికి కత్తి భయమేంది?” సైలస్ నవ్వబోయాడు, దగ్గొచ్చింది. “రేపు సోమయాజులు దగ్గరికి పోదం. నేను అడుగుత. చిల్లులు మంచివైతే చిల్లులే పెట్టించుకుంట. నాకు రెండొందల మందితోని సిగ్గులేదు.”

“డాడీ, వాళ్ళ ముంగట నువ్వు అదీ ఇదీ అడిగితే నాకు...”

“నీకేమైతది?”

సుగుణమణి పళ్ళేలు తీసుకుని లోపలికి పోయింది. సాయంత్రం నుంచీ ఆమె ఒక్క మాట కూడా మాట్లాడలేదని ఎవరూ గమనించలేదు.

*

సోమయాజులు గది చల్లగా, సువాసనగా ఉంది. ఆబిడ్స్ రోడ్డు మీది హారన్లు లోపలికి రావడం లేదు. ఆ చల్లదనానికి సైలస్ ముక్కు కారడం మొదలైంది.

“రండి మాస్టారూ, రండి. అమ్మగారూ, మీరిలా కూర్చోండి. మా డెన్నిస్ వాళ్ళ నాన్నగారంటే మాకు ఇంట్లో మనిషే” అన్నాడు సోమయాజులు. మంచి మాటకారి. తూర్పు జిల్లాల నుంచి వచ్చి ఊళ్ళో పేరు తెచ్చుకున్నవాడు. చేతులు తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి.

డెన్నిస్ కూర్చోలేదు. డాక్టరు కుర్చీ వెనక, ఉద్యోగంలో నిలబడినట్టే నిలబడ్డాడు. అది చూసి కృపాజ్యోతి పళ్ళు కొరుక్కుంది.

“మీకు మాటలతో చెప్పడం దేనికి? చూపిస్తాను. పోయినేడాది ఇక్కడే చేశారు ఆయన” అని సోమయాజులు లాప్‌టాప్‌లో ఒక సీడీ పెట్టి వాళ్ళ వైపు తిప్పాడు.

సుగుణమణి బల్ల అంచు వైపు చూపు దించుకుంది. సన్నగా వీణ సంగీతం వినిపించింది. మనిషిని కోస్తూ వీణ పెట్టుకున్నారు. పెట్టినవాళ్ళకు అది అందంగా తోచి ఉంటుందని తలచుకుంటేనే ఆమెకు ఒళ్ళు జలదరించింది.

సైలస్ మాత్రం ముందుకు వంగాడు.

తెర మీద అంతా గులాబీ రంగు. రక్తం లేదు. ఒకవైపు ఊపిరితిత్తి ముడుచుకుని పక్కకు తొలగి ఉంది. వెనక గుండె కదులుతోంది. రెండు సన్నటి పరికరాలు ఒకదానికొకటి తగలకుండా, తొందర లేకుండా, పొర తర్వాత పొర విప్పుతున్నాయి.

“అది అజైగస్ సిర కదా?” అన్నాడు సైలస్.

“అబ్బో, మాస్టారూ! మా జూనియర్లకు తెలియదు ఆ పేరు.”

“పుస్తకంల బొమ్మ గీసి చెప్పేటోన్ని. ఇంత శుభ్రంగ ఎన్నడు చూడలే.” సైలస్ మొహంలో పాత వెలుగు కనిపించింది. గ్లాసు సంగతి మరిచిపోయాడు. “చేయి ఎంత బాగున్నదో చూడు మణీ. ఎక్కడ తొణకలే, బెణకలే.”

సుగుణమణి తలెత్తలేదు. ఆయన ఒప్పుకుంటున్నాడని ఆమెకు అర్థమైంది. డెన్నిస్ మొహం తేటపడింది.

“చూశారుగా. తెరిచి చేస్తే ఇక్కణ్ణుంచి ఇక్కడి వరకు కోత. ఇదైతే మచ్చలు కూడా సరిగ్గా కనపడవు. నొప్పి తక్కువ, రక్తం తక్కువ, ఊపిరి తేలిక. కాస్త టైం ఎక్కువ పడుతుంది, అంతే. ఏ దారిన వెళ్ళినా లోపల తీసేది మాత్రం అదే” అన్నాడు సోమయాజులు.

“ఔ సార్. శ్రీపతి సార్ గూడ గట్లనే చెప్పిన్రు” అన్నాడు సైలస్. “ఈయన ఎవరు?”

“బొంబాయి సర్జనండీ. పేరు...”

“సర్జన్ కాదు. పండుకున్నాయన.”

సోమయాజులు ఒక క్షణం తడబడ్డాడు. “పేషెంటా? పేరు గుర్తులేదు మాస్టారూ. మీ వయసే ఉంటుంది.”

“ఇప్పుడెట్లున్నడు?”

“ఆపరేషన్ ఎక్సలెంట్‌గా జరిగింది. హాల్లో అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.”

“ఆపరేషన్ చూసిన సార్. ఎట్లున్నడు అంటున్న.”

వీణ ఇంకా మోగుతోంది. సోమయాజులు లాప్‌టాప్ మూసేశాడు. మూస్తూ, తెలియకుండానే, వెనక నిలబడ్డ డెన్నిస్ వైపు ఒకసారి చూశాడు. ఆ చూపు చాలు. వీణ ఆగేసరికి తలెత్తిన సుగుణమణికీ, కృపాజ్యోతికీ అది అందింది.

“తర్వాత వాళ్ళు మా ఫాలో అప్‌లో లేరండీ.”

“మంచిది. ఒక్కటే అడుగుత, ఏమనుకోకుండ్రి. ఈ చిల్లుల ఆపరేషన్ మీరే చెయ్యుండ్రి నాకు. ఆ బొంబాయాయన వద్దు, హోటల్ వద్దు. మీరు చేస్తే మీరు పొద్దుమాపు వచ్చి చూస్తరు గదా.”

సోమయాజులు తన తెల్లటి చేతుల వైపు చూసుకున్నాడు. ఆ కాసేపే ఆయన ఆ గదిలో నిజంగా డాక్టరులా ఉన్నాడు.

“ఆయన చేస్తుంటే నేను పక్కన నిలబడ్డాను మాస్టారూ. మొత్తం కేసు నా చేత్తో ఇంతవరకు చెయ్యలేదు. అబద్ధం చెప్పను.”

“రేపు నాకు అతుకు ఊడితే చూసేది మీరే గద?”

“అలాంటివి జరక్కుండానే... మనం అన్నీ...” ఆయన చేతి గడియారం చూసుకున్నాడు. “వార్డులో ఒక పేషెంటు ఉన్నారు. ఐదు నిమిషాల్లో వచ్చేస్తాను. మీరు మాట్లాడుకోండి. తొందరేం లేదు, సాయంత్రంలోగా చెబితే చాలు. వాళ్ళకు కేసు కన్ఫర్మ్ చెయ్యాలి కదా.”

తలుపు మెత్తగా మూసుకుంది. కేసు కన్ఫర్మ్ చెయ్యాలట. ఇంట్లో మనిషి అన్న నోటితోనే ఆ మాట అన్నాడు. అని, చల్లగా నడిచిపోయాడు.

సైలస్ కుర్చీలో పక్కకు తిరిగాడు.

“డెన్నిస్, ఆ కెమెరా నువ్వు పెట్టిందేనా?”

“ఔ డాడీ.”

“ఆయన నీకు తెలుసు.”

“పేరు తెల్వదు.”

“పేరు అడగలే.”

డెన్నిస్ గోడకు ఆనుకున్నాడు. కృపాజ్యోతి ఏదో అనబోతే సైలస్ చేయెత్తి ఆపాడు.

“ఆపరేషనైన నాలుగైదు రోజులకు కెమెరా వాపస్ తీస్కుందమని వచ్చిన” అన్నాడు డెన్నిస్ చివరికి. నేల వైపు చూస్తూ చెప్పాడు. “ఐసీయూ బయట బెంచీ మీద వాళ్ళావిడ కూసున్నది. నా మెడల కార్డు చూసి నన్ను దవాఖానోన్ననుకున్నది. లేచి నిలబడి చేతులు జోడిచ్చింది. మెడకాడ కుట్లల్లకెళ్ళి చీము కారుతుందట. జరం దిగుతలేదట. ఆ వాసన బయటి దాంక వస్తుండె. ‘ఆ పెద్ద డాక్టర్ మళ్ళ ఎప్పుడొస్తడు బాబూ’ అని అడిగింది.”

“నువ్వేమన్నవ్?”

డెన్నిస్ పెదవులు తడుపుకున్నాడు.

“రేపొస్తడమ్మా అన్న.”

కృపాజ్యోతి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“ఏమనాల్నో తెల్వలే డాడీ. ఆమె నా చేయి పట్టుకున్నది. ఇడుస్తలేదు. కెమెరా డబ్బా ఒక చేతిల ఉన్నది. రేపొస్తడమ్మా అని చెప్పి లిఫ్ట్‌ల దిగిపోయిన.”

“ఆయన?”

“ఆ వారంలనే... పోయిండని విన్న.”

“అన్నా, ఇది తెలిసి గూడ నువ్వు డాడీని...”

“అందరికి గట్ల గాదు కృపా! ఇంకో ఇద్దరు మంచిగున్నరు, నేను చూసిన! తెరిచి చేసినోళ్ళల్ల గూడ పోతలేరా? వామన్‌రావు బామ్మర్ది పోలేదా? నన్నేం చెయ్యమంటవ్? ఇట్ల ఒక భయం, అట్ల ఒక భయం. ఏది ఒప్పుకున్నా మీరు నన్నే అంటరు!” అని అరిచాడు డెన్నిస్.

అతను చెప్పింది తప్పు కాదు. అందుకే వినడానికి మరీ రోతగా ఉంది.

సైలస్ గ్లాసు మూత తీశాడు. నెమ్మదిగా ఉమ్మి, మూత పెట్టి, రుమాలుతో మూతి తుడుచుకున్నాడు. ఆయనకు కోపం రాలేదు. తెలివి తక్కువ పిల్లవాణ్ణి ఓపికగా ప్రశ్న అడిగినట్టు అడిగాడు.

“నాకు గూడ అతుకు ఊడితే, మీ మమ్మీకి ఏం చెప్దామనుకున్నవ్ డెన్నిస్?”

డెన్నిస్ మెడలోని కార్డును చొక్కా జేబులోకి తోసుకున్నాడు.

నిన్న సాయంత్రం నుంచీ నోరు విప్పని సుగుణమణి తన కుర్చీని చప్పుడయ్యేట్టు జరిపి కొడుకుకు ఎదురుగా తిరిగింది.

“చెప్పు” అంది. “నేను గీడనే ఉన్న గదా. రేపు గా బెంచీ మీద కూసున్నంక కాదు. ఇప్పుడే చెప్పు.”